అడుగు సీసాలు

మా వీధి మొదట్లో షోడాల దుకాణం నడిపే ఆయన్ని నేను తమ్ముడూ అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు, ముప్పై ఏళ్లుగా ఆయన చేతి నిమ్మషోడా తాగి తాగి కలిసిన వరస. ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలియకపోతే నాకు ముద్ద దిగదు కాబట్టి ఆ రోజు సంగతంతా దగ్గరుండి చూశాను.

జనం తీపి తాగడం తగ్గాలని కొత్త పన్ను వచ్చింది. సీసాలో చక్కెర నాలుగు చెంచాలు దాటితే ధరలో సగం పన్ను. దాటకపోతే పైసా లేదు. తమ్ముడు చక్కెర బాగా తగ్గించి 'పన్ను లేని షోడా' అని బోర్డు పెట్టాడు. అబద్ధమని తేలితే దుకాణానికి తాళం వేసుకోవచ్చని పన్నుల ఆఫీసులో సంతకం కూడా చేశాడు.

ఆయన డ్రమ్ములో పాకం పోసి, దానిమీద నీళ్లు పోసి, ఒక్కసారి కలియతిప్పి, ముంతతో పైనుంచి తోడి సీసాలు నింపుతాడు. చిక్కటి పాకం అడుక్కు దిగిపోతుంది. ఆఖరి డజను సీసాలు తియ్యగా ఉంటాయి. అవి కింది అరలో, పాతవాళ్ల కోసం. కొత్త షోడా చప్పగా ఉందని "నాకు అడుగుదే ఇవ్వు" అని పోరిన వాళ్లలో నేనే ముందు.

పన్నుల ఆఫీసు నుంచి వచ్చినావిడ చక్కెర కొలిచే సన్నటి గొట్టం తీసి, దాని అద్దం మీద చుక్క వేసి, కంటికి ఆనించుకుంది. పై అరలోంచి తీసిన రెండు సీసాలూ సరిపోయాయి. తర్వాత కింది అరకేసి వంగింది. తమ్ముడు నా వంక చూశాడు.

"అవి నావమ్మా, డబ్బిచ్చేశాను," అని అడ్డుపడ్డాను.

"పన్నెండూనా పెద్దమ్మా?"

"నాకు దాహం ఎక్కువ."

"ఒక్క చుక్క నాకు పెట్టండి మరి."

ఆవిడ మూత తియ్యబోతుంటే తమ్ముడు నోరు విప్పాడు. "చూడక్కర్లేదు మేడమ్. అవి దాటతాయి. డ్రమ్ము మొత్తానికి లెక్క సరిపోయిందిగా అనుకున్నాను."

"జనం తాగేది సీసానా, డ్రమ్మా?"

ఆవిడ బోర్డు వంక చూసింది, తలుపుకి వేలాడే తాళం వంక చూసింది. "మిగిలిన సీసాలన్నీ మళ్లీ డ్రమ్ములో పొయ్యండి. నా ముందే తిప్పండి. నాలుగు చెంచాల గీత లోపలుంటే వదిలేస్తా."

ఒక్కో సీసా ఒంపుతుంటే తమ్ముడి పెళ్లాం, అంటే నా మరదలు, నా చెవిలో గొణిగింది. "వదినా, పొద్దున ఇరవై అమ్మేశాం. అన్నీ పల్చటివే."

పల్చటివి పోయాయి. ఇక మిగిలినదంతా చిక్కన! తమ్ముడు తెడ్డు తిప్పుతూనే ఉన్నాడు, ఆపితే ఏమవుతుందో అన్నట్టు. "చాలండి," అని ఆవిడే ఆపించి అద్దం మీద చుక్క వేసింది.

"అర చెంచా ఎక్కువ."

మరదలు గుమ్మం పట్టుకుంది.

"మూత తియ్యకముందే చెప్పారు కాబట్టి తాళం వెయ్యను. ఈ డ్రమ్ముకి పన్ను కట్టండి. బోర్డు దించండి. వచ్చే వారం మళ్లీ వస్తా."

ఆవిడ వెళ్లాక తమ్ముడు బోర్డు దించి, సుద్దముక్కతో గోడ మీద పన్ను కలిపి కొత్త ధర రాశాడు. నాకోసం ఒక సీసా నింపి పట్టుకున్నాడు. గోడ చూశాను, నా పర్సు చూసుకున్నాను.

"ఇవాళ వద్దులే తమ్ముడూ. మంచినీళ్లివ్వు."

ఆయన సీసా వెనక్కి తీసుకున్నాడు. గ్లాసు నా ముందు కాస్త గట్టిగా పెట్టాడు.