రాయచోటి స్కాట్లండు సార్

మంగళవారం ఉదయం కర్నూలు కోర్టు వరండాలో ఉండగా రాయచోటి నుంచి ఫోను వచ్చింది. మా గురువుగారు దేవదానం సార్ ఇక లేరని ఆయన కూతురు చెప్పింది. "కాఫీ తాగి పేపరు చదువుతాండె. అట్లే కుర్చీలోనే పోయినాడన్నా నాయిన" అంది. నేను మాట మీద బతికే వకీలును. ఆ మాట నేర్పిన మహనీయుడు అస్తమించాడంటే నమ్మడానికి మనసు ఒప్పుకోలేదు.

రాయచోటి కళాశాలలో ముప్పై ఏళ్ళు చరిత్ర బోధించిన ఆయనను ఊరంతా స్కాట్లండు సార్ అనేది. ఆయన ఆ దేశం చూసింది లేదు. బెంగళూరు దాటి పోయిందీ లేదు. వేరుశనగ చేలల్లో కూలికి పోయిన తల్లి కడుపున పుట్టి, చర్చి బడిలో అక్షరాలు దిద్దుకుని ఆచార్యుడైన మనిషి. రాయలసీమ ప్రత్యేక రాష్ట్రం కావాలన్నది ఆయన జీవితాశయం. అయితే తరగతిలో సీమ పేరెత్తితే మేము బల్లలు చరిచి కలబడేవాళ్ళం. అందుకని మాలో ఎవరికీ చుట్టరికం లేని స్కాట్లండును తెచ్చి ముందు పెట్టారు. వాళ్ళు బ్రిటన్‌తో కలిసి ఉండాలా, విడిపోవాలా చెప్పమనేవారు.

దానికొక నియమం ఉండేది. ఎదుటివాడి వాదాన్ని ముందు మనమే చెప్పాలి. వాడు "ఔ, నేననేది ఇదే" అని ఒప్పుకున్నాకే మన వాదం మొదలుపెట్టాలి. నాది భూములున్న ఇల్లు. ఎదుటివాడి మాట చివరిదాకా వినే అలవాటు మా ఇంటా వంటా లేదు. "ఏమప్పా, వాని మాట సగం మింగితివే. అంతా చెప్పి, ఆ తర్వాత కొట్టు" అని సార్ ఎన్నిసార్లు చీవాట్లు పెట్టారో లెక్కలేదు.

మన రాష్ట్రం రెండైన ఏడాదే స్కాట్లండులో జనాన్ని అడిగి వోటు పెట్టారు. విడిపోవాలన్నవాళ్ళు ఓడిపోయారు. నేను ప్రత్యేక రాష్ట్రం వద్దనేవాణ్ణి కనక ఆటపట్టిద్దామని సార్‌కు ఫోను చేసి, "మీవాళ్ళు ఓడిపోయిరి కదా సార్" అన్నాను. "ఓడిపోతే ఏమప్పా? వాళ్ళను అడిగినారు. మనల్ని యాడ అడిగినారు? కలిపేటప్పుడూ అడగల్యా, విడదీసేటప్పుడూ అడగల్యా" అన్నారు.

మరుసటి ఏడు ప్రత్యేక రాష్ట్రం కోరుతూ కర్నూలులో సభ పెట్టారు. సార్ ప్రధాన వక్త. నేను అయిదు నిమిషాలు అడిగి వేదికెక్కాను. వేరుపడితే మనకు నీళ్ళెవరిస్తారని అన్నానో లేదో, "దిగప్పా దిగు" అంటూ జనం లేచారు. ఎవరో మైకు లాక్కున్నారు. సార్ లేచి ఆ మైకు అందుకున్నారు. నన్ను ఉతికి ఆరేస్తారనే అందరూ అనుకున్నారు.

"ఈ పిల్లోడు చెప్పేది ముందు నేను చెప్తా, వినండి. నీళ్ళు పైనుంచి రావల్ల. రాష్ట్రం చిన్నదైతే కొట్లాడే బలం తగ్గుతాది. ఇది ఉత్త భయం కాదు, శానా పెద్ద భయం" అని మొదలుపెట్టి, నా వాదాన్ని నాకే తోచనంత బలంగా వినిపించారు. నా వైపు తిరిగి "ఇదేనా నువ్వనేది?" అన్నారు. "ఇదే సార్" అన్నాను. ఆ తర్వాత దాన్ని పోగుపోగు విప్పి ఖండించారు. సభలో చప్పట్లు ఆయనకే. నేను మాత్రం తలెత్తుకునే వేదిక దిగాను.

ఎదుటివాడి వాదాన్ని తమ వేదిక మీదే అంత బలంగా చెప్పారని నిర్వాహకులకు కోపమొచ్చింది. ఆయనను మళ్ళీ ఏ వేదికకూ పిలవలేదు. జీవితమంతా మోసిన ఉద్యమం ఆయనను గడప బయట నిలబెట్టింది. బాధగా లేదా సార్ అంటే, "ఎందుకు ల్యాదు, ఉండాది. కానీ నా రాష్ట్రంలో నువ్వు కూడా ఉండల్ల కదప్పా. నిన్ను తరిమేసి ఎవరి కోసం తెచ్చేది రాష్ట్రం?" అన్నారు. ఇంతటి మాట అనగల మనిషి మా సీమలో పుట్టాడని నేను ఎక్కడైనా రొమ్ము విరుచుకుని చెబుతాను.

బుధవారం చర్చి వెనక ఆయనను భూస్థాపితం చేశాం. ఆనాటి నిర్వాహకులూ వచ్చి పెట్టెకు భుజం పట్టారు. వారిలో ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ, "సార్ కోసమన్నా ఇప్పుడు మా పక్కకు రాప్పా" అన్నాడు. రాలేనన్నాను. ప్రత్యేక రాష్ట్రం వద్దనే ఇప్పటికీ అంటాను. సమాధి దగ్గర అబద్ధమాడితే ఆ మహానుభావుడికి అవమానం. గురుదేవా, ఈ మొండి శిష్యుడి నమస్సులు అందుకోండి. ఇకమీద నన్ను ఓడించేవాళ్ళు ఎందరో దొరుకుతారు. ఓడినందుకు నేను గర్వపడేలా ఓడించే మనిషి మాత్రం మళ్ళీ దొరకరు.