రావుగారి అనుమానం, ప్రభుదాసు పంది

వీరరాఘవరావుగారికి అనుమానం రాని వస్తువంటూ గల్ఫులోని ఆ ఫుజైరా ఊళ్ళో లేదు. పాల డబ్బా మీద తారీఖు చదివి, దాని కింద ఇంకో తారీఖు దాచారేమోనని గోటితో గీకేవారు. లిఫ్టు వస్తే ముందు ఎవరినైనా ఎక్కించి, అది క్షేమంగా వెళ్ళడం చూసి, తాను మెట్లెక్కేవారు. దారిలో ఎవరైనా "బాగున్నారా సార్" అంటే, ఆగి, "ఎందుకడుగుతున్నారు?" అనేవారు. ఓడలకు ఆయిలు నింపే కంపెనీలో లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. జీతమిచ్చి మరీ ఆ గుణాన్ని మేపుతున్నారని భార్య కుసుమకుమారి అనేది.

ఆయన పక్క విల్లాలో ప్రభుదాసు ఉండేవాడు. రాజోలు వాడు. అదే కంపెనీ క్యాంటీనుకు పెద్ద. వయసులో ఉన్నప్పుడు ఓడల్లో వంట చేస్తూ హవాయి దాకా వెళ్ళాడు. తన పెళ్ళిరోజున పెళ్ళాం పక్కన లేదని దిగులుగా సముద్రపు ఒడ్డున తిరుగుతుంటే, అక్కడివాళ్ళు పంది మొత్తాన్ని గోతిలో కాల్చి, మెళ్ళో పూలదండలు వేసుకుని విందు చేసుకోవడం చూశాడు. ఆ రోజే భార్య మార్తమ్మకు ఫోను చేసి, "మన పాతికేళ్ళ పండక్కి ఇలాగే చేస్తానే" అని మాటిచ్చాడు. 2006 ఫిబ్రవరిలో ఆ పాతికేళ్ళు నిండాయి.

"దండ వేసుకుంటాను గానీ గడ్డి లంగా కట్టమంటే ఊరుకోను" అంది మార్తమ్మ. ఆసుపత్రిలో నర్సు ఆవిడ. పైకి అలా అన్నా, వారం ముందే సెలవు పెట్టేసింది.

ప్రభుదాసు పెరట్లో గొయ్యి తవ్వుతుంటే గోడ మీద నుంచి రావుగారి తల కనబడింది.

"ఏమిటా గొయ్యి?"

"పందికండి."

"పందెక్కడ?"

"ఫ్రీజర్లో ఉందండి. దుబాయ్‌లో సాయిబులు కాని మనబోటి వాళ్ళకి అమ్మే కొట్లో చెప్పి తెప్పించానండి."

"చచ్చిపోయిందని నిర్ధారణేనా?"

ప్రభుదాసు గడ్డపార పక్కన పెట్టి, ఓపిగ్గా సంగతంతా చెప్పాడు. రాళ్ళు ఎర్రగా కాల్చాలి. అరటాకుల్లో చుట్టిన పందిని వాటి మీద పెట్టి, తడిగోనెలు కప్పి, పైన మట్టి పొయ్యాలి. సాయంత్రానికి అదే ఉడుకుతుంది.

"మట్టి కింద ఏం జరుగుతోందో మీకెలా తెలుస్తుంది?" అన్నారు రావుగారు.

అప్పట్నుంచీ ప్రభుదాసుకు మనశ్శాంతి లేదు. క్వారీ నుంచి రాళ్ళొస్తే రావుగారు ఒక్కొక్కదాన్నీ తట్టి, వాసన చూశారు. మలయాళీ కొట్టు నుంచి అరటాకులొస్తే అటూ ఇటూ తిప్పి, "ఇంత పచ్చగా ఉన్నాయేం?" అన్నారు. శుద్ధ శాకాహారికి ఇంత ఆరా ఎందుకని ప్రభుదాసు నవ్వుకున్నాడు.

నవ్వు రానిది గరిటెల దగ్గర. రావుగారు సరాసరి వంటింట్లోకొచ్చి, ఈ గరిటె దేంట్లో పెట్టారు, ఆ కత్తితో ఏం కోశారు అని ఆరా మొదలుపెట్టారు. కొత్త గిన్నెలు, వేరే పొయ్యి, వేరే బల్ల కావాలన్నారు. ఆ బల్ల తమ వరండాలోనే వేయిస్తామన్నారు.

అనుమానం అంటుకునే జబ్బు. ఆ రాత్రి ప్రభుదాసుకు కూడా పట్టుకుంది. "పంది సంగతి కాదే. నా ఇంట్లో తింటే మైలపడిపోతారని ఆయన బాధ. ఇన్నేళ్ళ స్నేహం, పైపైన నటించాడన్నమాట" అన్నాడు.

"అడిగెయ్యరాదా?" అంది మార్తమ్మ.

"ఏం అడుగుతాను? ఎందుకడుగుతున్నారు అంటాడు."

విందు సాయంత్రం అతిథులొచ్చేశారు. దండలు పంచడం అయింది. గొయ్యి తెరిచే వేళకు ప్రభుదాసు ఇంట్లో పనిచేసే జమీలాబీ కనబడలేదు. తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చిన మనిషి, ఆ ఇంటికి కుడిచెయ్యి. చేతిసంచి పట్టుకున్న రావుగారి వెంట, వెనక్కి చూసుకుంటూ వెళ్ళిందని ఎవరో చెప్పారు.

ప్రభుదాసుకు ఒళ్ళు మండింది. మెళ్ళో దండతోనే పక్క విల్లాకు వెళ్ళాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. రావుగారింట్లోంచి కోడికూర వాసన వస్తోంది.

వెనక వరండాలో కొత్త పొయ్యి, కొత్త గిన్నెలు. జమీలాబీ కూర కలుపుతోంది. రావుగారు ముక్కుకు తువ్వాలు కట్టుకుని, విసనకర్రతో ఆ వాసనను వీధిలోకి తోలుతూ, "ఉప్పేశావా? వేసినట్టు నేను చూళ్ళేదే" అంటున్నారు.

"ఏంటండి ఇది?" అన్నాడు ప్రభుదాసు.

జమీలాబీ తల దించుకుంది. రావుగారే తువ్వాలు లాగి చెప్పారు.

"పంది మీ ఫ్రీజర్లోకి వచ్చిన దగ్గర్నుంచీ ఈమె మీ ఇంట్లో టీ తప్ప ఏమీ ముట్టట్లేదు. మొదట, దొంగతనంగా ఏదైనా తింటోందేమోనని అనుమానించాను. కాపు కాశాను. అదీ లేదు. గట్టిగా అడిగితే ఏడ్చింది. పోర్టు నుంచి వచ్చే మీ సాయిబు స్నేహితులు కూడా అంతే. కూల్‌డ్రింకు తాగి, కడుపు నిండిందని చెప్పి వెళ్ళిపోదామనుకుంటున్నారు. హలాల్ కొట్లో కోడి కొట్టించి తెచ్చాను. కొట్టువాడి లైసెన్సు కూడా చూశాను."

"మీ పండగ పాడవుతాదని చెప్పలేదండి" అంది జమీలాబీ. "అమ్మగారు ఎంత సంబరపడతన్నారో చూశాను కదండీ."

ప్రభుదాసు అక్కడే పీట మీద కూలబడ్డాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ వండి పెడుతున్నానండి. నా ఇంట్లో మనిషి పస్తుంటే కనిపెట్టలేకపోయాను." తలెత్తి, "నాతో ఒక్కమాట అనుండొచ్చు కదండీ" అన్నాడు.

"అందామనుకున్నాను. చెబితే మీరు పార్టీయే మానేస్తారేమోనని అనుమానం వచ్చింది."

మానేసేవాడే. ఆ సంగతి ప్రభుదాసుకూ తెలుసు.

పంది బ్రహ్మాండంగా ఉడికింది. మార్తమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, మొగుడి వంక చూసి, దండ సర్దుకుంది. పోర్టు వాళ్ళు రావుగారి వరండాలో బల్ల చుట్టూ చేరి చేతులు కడుక్కుంటున్నారు. ప్రభుదాసు పరుగున వచ్చి, జమీలాబీని కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు కదలకు. ఇవాళ నీకు నేను వడ్డిస్తాను" అని కోడికూర గరిటె అందుకోబోయాడు.

రావుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఇందాక పందిని విప్పిన చేతులేగా ఇవి?"

ప్రభుదాసు కొళాయి దగ్గరికి నడిచాడు. రావుగారు అతని వెనకాలే వెళ్ళి, సబ్బు వాసన చూసి ఇచ్చారు.