కళ్లాలు కదిలే వేళ

ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. రిటైరయ్యాక కూడా నోటుపుస్తకంలో తేదీ, టైము వేసి రాసుకోకపోతే జరిగింది జరిగినట్టు అనిపించదు. ఆ అలవాటుతోనే మా ఊరికి నెట్ ఇచ్చే కేబుల్ అతని మీద నేరం రుజువు చేద్దామని ఒక కొత్త పేజీ మొదలుపెట్టాను.

మా అమ్మాయి ఇంట్లోనే కూర్చుని ఒక ఆన్‌లైన్ కంపెనీ తరఫున పిల్లలకు లెక్కలు చెబుతుంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా క్లాసు. జనవరి 27 నుంచి క్లాసు మధ్యలో నెట్ మొరాయించసాగింది. విచిత్రమేమిటంటే, పిల్లల గొంతులు దీనికి శుభ్రంగా వినపడేవి. దీని గొంతే వాళ్లకు ముక్కలు ముక్కలుగా చేరేది. రెండు క్లాసులు పూర్తిగా ఆగిపోయాయి. మూడోది కూడా ఆగితే పనిలోంచి తీసేస్తామని ఫిబ్రవరి 18 సాయంత్రం కంపెనీవాళ్లు మెయిల్ పెట్టారు. ఆ పూట అమ్మాయి అన్నం కలిపి, ముద్ద నోట పెట్టకుండానే చెయ్యి కడుక్కుంది.

మర్నాడు పొద్దున్నే కేబుల్ అతన్ని పిలిపించాను. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. ఇప్పుడు నలభై దాటాయి.

“టీచరమ్మ గారూ, నా తప్పేం లేదండి. మొన్ననే మీ ఇంట్లో నెట్ పెట్టె కూడా మార్చా.”

“పెట్టెలు మార్చడం కాదురా, ఇది చదువు. ఇరవై మూడు రోజుల లెక్క. 27న నాలుగు నలభై ఒకటికి మొదలు. ఫిబ్రవరి పదిన నాలుగు నలభై ఏడు. నిన్న నాలుగు యాభై రెండు. రోజూ ముప్పావు గంట. ఆ వేళకి నువ్వు ఏ తీగ పీకుతున్నావు?”

అతను పేజీ మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయాడు. “ఏందండీ, రోజులు గడిచేకొద్దీ టైము ఆలస్యమవుతా ఉంది?”

“పొద్దు పెరుగుతోంది కదరా, దాంతోపాటే...” అని ఆగిపోయాను. నెట్‌కు పొద్దుతో పనేమిటి? మా ఊళ్లో పొద్దును చూసి కదిలేవి మిరపకాయలు ఎండబోసే కళ్లాలే. ఎండిన కాయలకు మంచు తగలకూడదని, చీకటి పడటానికి గంటన్నర ముందు కూలీలు అన్ని కళ్లాల్లోనూ ఒక్కసారే దిగి, కాయలు రాశులు పోసి పట్టాలు కప్పుతారు.

నోటుపుస్తకం అందుకుని ఒక పేజీ వెనక్కి తిప్పాను. నా చేతిరాతే: ‘జనవరి 26. పంతొమ్మిదో కెమెరా బిగించారు.’

ఆ వాక్యం అతనికి పైకి చదివి వినిపించాను. ఆ నెలలోనే మా ఇంటి వెనక కళ్లంలో రెండు బస్తాల కాయలు పోతే, కళ్లం కళ్లానికీ తిరిగి కెమెరాలు పెట్టించుకోమని వెంటపడింది నేనే. ఏదైనా కదిలినప్పుడే బొమ్మ పంపే ఏర్పాటు చాలని ఈ కేబుల్ అతను చెబితే వినలేదు. ఇరవై నాలుగు గంటలూ పంపాలి, కాయ కాయా విడివిడిగా కనపడాలి అని పట్టుబట్టాను.

“కాయలు కదలకుండా పడి ఉంటే కెమెరా కొంచెమే పంపుద్దండి,” అన్నాడతను నెమ్మదిగా. “మనుషులు దిగి కదిలిస్తే బొమ్మ బొమ్మా కొత్తదే. పదింతలు పంపాలి. మనూరి నించి టౌనుకి పోయేది ఒకటే లైను. సినిమాలు చూస్తారని కిందికొచ్చే దారి వెడల్పుగా కొన్నా. పైకి పోయేది ఇరుకు. అమ్మాయి గారి మాట కూడా దాంట్లోనే పోవాల. నేనూ పైది ఎప్పుడూ చూళ్లేదండి.”

“పైకంటే ఎక్కడికి?”

లాప్‌టాప్‌లో ఏదో కొట్టి చూపించాడు. కెమెరా బొమ్మ దాటిపోయే మజిలీలు వరసగా వచ్చాయి. లెక్కపెట్టాను, పద్నాలుగు. వాటిలో మా ఊరు, టౌను, విజయవాడ, చెన్నై, సముద్రం కింద తీగ, సింగపూరు. బొమ్మ అక్కడున్న కంప్యూటర్‌కు చేరి, మళ్లీ అంత దారీ తిరిగి కళ్లం యజమాని ఫోనుకు వస్తుందట. ఆ కళ్లం మా వెనక గుమ్మానికి నలభై అడుగులు.

“పైకి పోయే వరసలో అమ్మాయి గారిని ముందు, కెమెరాల్ని వెనక పెట్టగలనండి. కానీ ఆ గంట కళ్లాలవాళ్ల బొమ్మలు ఆగిపోతాయి. వచ్చి నా పీక పట్టుకుంటారు. కెమెరాలు పెట్టమంది మీరు. ఆ మాటా మీరే చెప్పాల.”

మొదట మా ఇంటి వెనక కళ్లానికే వెళ్లాను. బస్తాలు పోగొట్టుకున్న రైతు మంచం మీద కూర్చుని, ఎదురుగా ఉన్న కాయల్ని ఫోనులో చూసుకుంటున్నాడు.

“ఏంది టీచరమ్మా, పెట్టమనేదీ మీరే, ఆపమనేదీ మీరే? రేపు మిరప తోటే వెయ్యొద్దంటారా?”

“ఒక్క గంటేనయ్యా. దాని ఉద్యోగం పోతుంది.”

“నా కాయలు పోతే మీ అమ్మాయి పాఠం తెచ్చిస్తదా?”

పాలిపోయిన తాలుకాయలు ఏరుతున్న కూలీ మనిషి ఒకామె తలెత్తకుండానే అందుకుంది. “మమ్మల్ని ఫోన్లో చూస్తేగానీ పని చేస్తన్నట్టు నమ్మడులేమ్మా ఆయన! ఆ గంట మేం ఇరవై మందిమి ఈ కాయల్లోనే చస్తా ఉంటాం. ఆ టైములో వచ్చే దొంగ ఎవుడయ్యా?”

రైతు నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. కెమెరాలు ఊరి నెట్ దారినంతా మూసేసేది సరిగ్గా వాటితో ఎవరికీ పనిలేని వేళ. ఇరవై మూడు రోజులు నిమిషాలతో సహా రాసినదాన్ని, ఈ చిన్న తీసివేత చేయలేకపోయాను.

నాలుగింటికల్లా పంతొమ్మిది కళ్లాలూ తిరిగాను. ఇద్దరు ససేమిరా అన్నారు. పదిహేడు చాలన్నాడు కేబుల్ అతను.

నాలుగున్నరకు అమ్మాయి తలుపేసుకుంది. నేను గుమ్మం బయట గడియారం పట్టుకుని కూర్చున్నాను. నాలుగు యాభై రెండు. వెనక కళ్లంలో పారల చప్పుడు మొదలైంది, మిరప ఘాటు ముక్కుకు తగిలింది. తుమ్ము వస్తే కొంగుతో నోరు నొక్కుకున్నాను. లోపల దాని గొంతు భిన్నాలు చెబుతూనే ఉంది. “అర్థమైందా?” అంది. అర్థమైందని పిల్లలందరూ ఒక్కసారే అరిచారు.

ఐదున్నరకు తలుపు తీసింది. కళ్లు తడిగా ఉన్నాయి.

“ఆగలేదమ్మా! కేబుల్ అతన్ని బాగా తిట్టినట్టున్నావే. తప్పు ఒప్పుకున్నాడా?”

నోటుపుస్తకం అందుకున్నాను. జనవరి 26 పేజీ తెరిచి దాని చేతిలో పెట్టాను.