పసుపు చేను దగ్గర ఆగే స్కూటర్

కోరుట్లకు దక్షిణాన, గుట్టలు మొదలయ్యే చోట, మూతపడిన రైసుమిల్లులో మా క్యాంపు. మాఘమాసం చివర అక్కడికి చేరాను. బస్సు దిగి ఊరి బయటి నుంచి నడిచాను. చేతిలో రేకు పెట్టె. అందులో రెండు ఖాకీ చీరలు, ఒక దుప్పటి, ఒక విజిలు. లాఠీ తర్వాత ఇస్తామన్నారు. ఇవ్వలేదు.

మిల్లు చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్ల తీగ. ఎవరైనా తాకితే మోగాలని తీగకు ఖాళీ పాల డబ్బాలు కట్టారు. గాలికే పొద్దంతా మోగేవి. మొదటి రోజు ప్రతి మోతకూ ఉలిక్కిపడ్డాను. తర్వాత అలవాటైంది.

నాకు రాయడం రాదు. పేరు రాస్తాను, అంతవరకే. నోటితో చెబుతుంటే కోడలు రాస్తోంది. నా భర్త హోంగార్డు, జీపు నడిపేవాడు. అంతకుముందు వానాకాలం, జీపు కల్వర్టు దాటుతుంటే అన్నలు పెట్టిన మందుపాతర పేలింది. ఆయన చోట నన్ను పెట్టుకున్నారు. ఇద్దరు పిల్లల్ని తంగళ్ళపల్లిలో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. అమ్మ సిరిసిల్ల మరమగ్గాలకు కండెలు చుట్టేది. ఆమె చూపు అప్పటికే తగ్గుతోంది. నేను పోతే ఆ పిల్లలకు ఇంకెవరూ లేరు. ప్రాణంతో తిరిగి వెళ్లాలి. క్యాంపులో ఉన్నన్నాళ్లూ నాకు వేరే కోరిక లేదు.

క్యాంపుకు పెద్ద హెడ్ కానిస్టేబుల్. హెడ్డు సార్ అనేవాళ్లం. తెల్ల మీసాలు, గొంతు మాత్రం మెత్తన.

“వంట జేస్తవా అమ్మా?”

“చేస్త సార్.”

“ఆడోళ్లను సోదా జేసుడు అస్తదా?”

“చెప్తే చేస్త సార్.”

“స్కూటర్ ఎనుక కూసుంటవా?”

అదేం డ్యూటీనో నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. మందుపాతరల భయానికి జీపులు రోడ్డెక్కించొద్దని పైనుంచి ఆర్డరు. ఎక్కడికి పోయినా మామూలు బట్టల్లో, రెండు చక్రాల మీదే. ఒంటరి మగవాడు పోతే అనుమానం. ఆలుమగలు పోతే ఎవరూ తిరిగి చూడరు. అందుకని నేనూ స్కూటర్ నడిపే కానిస్టేబులూ చీరలు అమ్మే సిరిసిల్ల ఆలుమగలం. వారానికోసారి జగిత్యాల పోవాలి. వైర్‌లెస్ సెట్టుకు బ్యాటరీలు, మలేరియా మాత్రలు, జాబులు తేవాలి. దారిలో కొత్త మనుషులు కనబడితే వచ్చి చెప్పాలి.

ఆర్డర్లు మూడు. కల్వర్టు మీద ఆగొద్దు. ఒకసారి ఆగిన చోట మళ్లీ ఆగొద్దు. రోడ్డు మీద సార్ అనొద్దు, అక్క అనొద్దు.

చెప్పడం అయ్యాక బల్ల మీద ఒక కాగితం పొట్లం పెట్టి గోడ వైపు చూశాడు. విప్పాను. గాజులు, కుంకుమ, మట్టెలు, గిల్టు పుస్తెల తాడు.

“డ్యూటీ అమ్మా,” అన్నాడు, గోడతోనే.

బియ్యం బస్తాల చాటున పెట్టుకున్నాను. నేను బయటికి రాగానే సెట్టు ఆపరేటర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకూ తెలిసినట్టు లేదు. మళ్లీ కూర్చున్నాడు.

బండి కానిస్టేబుల్ జగిత్యాల పక్క పల్లెటూరివాడు. నాకంటే చిన్న. పెళ్లి కాలేదు. స్కూటర్ అతనికంటే ముసలిది. కుడి పక్క ఇంజను, దాని మీద ఉబ్బిన మూత. ఆ మూత మీదుగానే చీరల మూట వేలాడదీసి కట్టాడు. లోపల లంగా గుడ్డ, పైన నూలు చీరలు, మధ్యలో తపంచా, చిన్న పిస్తోలు. అవసరమైతే కుడి చేతికి అందాలి కదా.

మొదటి ప్రయాణం. క్యాంపు దాటి, గుట్ట మీది చడావు ఎక్కాం. ఎక్కగానే బండి బలం తగ్గింది. కాలిన వాసన. ఒకసారి మూలిగి ఆగిపోయింది. కిక్కు కొడితే కాలు కిందికి దిగదు. అటు అడవి, ఇటు పసుపు చేను. ముందు దిగువన కల్వర్టు కనబడుతోంది.

చేను గట్టున రాళ్ల పొయ్యి మీద పెద్ద బాణలి. ఒక అవ్వ పసుపు కొమ్ములు ఉడకబెడుతోంది. మమ్మల్ని చూసి చెంబుతో నీళ్లు తెచ్చింది. కానిస్టేబుల్ తాగకుండా ఇంజను మీద పోశాడు. బుస్సుమని ఆవిరి లేచింది.

అవ్వ నోరు తెరిచి చూసింది. “నా పసుపు కన్న మీ బండే మంచిగ ఉడికింది గద కొడుకా!”

నవ్వాను. భర్త పోయాక బయట నవ్వింది అదే మొదటిసారి.

బండి చల్లారేదాకా అవ్వ పక్కనే కూర్చున్నాను. ఆమె కళ్లు నా గాజుల మీద.

“ఎంతమంది పిల్లలు?”

“ఇద్దరవ్వా. అమ్మ కాడ ఉన్నరు.”

“ఇడిసిపెట్టి తిరుగుతున్నరా? పొట్ట తిప్పలు బిడ్డా. నా కొడుకు గూడ గంతే. బొంబాయిల ఉన్నడు.”

ఆ రోజుల్లో ఊళ్లో కొడుకు కనబడకపోతే బొంబాయి అనేవాళ్లు, దుబాయి అనేవాళ్లు. కొందరు నిజంగానే పోయారు, కొందరు అడవికి పోయారు. నేను ఇంకేం అడగలేదు.

తర్వాతి వారం పోయేముందు కానిస్టేబుల్ ప్లగ్గు మార్చాడు. అదే చడావు, అదే వాసన. అదే చేను దగ్గర ఆగింది. ఆ మరుసటి వారం పెట్రోల్లో ఆయిల్ ఎక్కువ కలిపాడు. వెనక పొగ తప్ప ఏం రాలేదు. మళ్లీ అక్కడే. క్యాంపు నుంచి అంతదూరం వచ్చి, ఆ చడావు ఎక్కితే బండి తట్టుకోలేకపోయేది. ఆగిన చోట ఆగొద్దన్నది ఆర్డరు. ఆ బండి ఆర్డరు వినదు.

మూడోసారి ఆగినప్పుడు కానిస్టేబుల్‌కు చిరాకు. చెయ్యి కాల్చుకున్నాడు. “అక్కా, గా పానా అందియ్యి!” అనేశాడు.

అవ్వ కొమ్ములు తిరగేస్తున్నదల్లా ఆగింది. “పెండ్లాన్ని అక్కా అంటవేందిరా?”

మూటలో తపంచా ఉంది. నా పిల్లలు తంగళ్ళపల్లిలో ఉన్నారు.

“కోపమొస్తే గట్లనే అంటడవ్వా,” అన్నాను. “నేను ముసల్దాని లెక్క కనబడుతనట.”

“వీని మొకానికి నువ్వే ఎక్కువ,” అంది అవ్వ. కానిస్టేబుల్ తల ఎత్తలేదు. పోయేటప్పుడు అవ్వ నా కొంగులో పిడికెడు పసుపు కొమ్ములు కట్టింది, పిల్లలకు దగ్గొస్తే పాలలో వెయ్యమని.

క్యాంపులో హెడ్డు సార్ మండిపడ్డాడు. “మూడు సార్లు గదే జాగల ఆగుతరా? చూసినోడు ఊకుంటడా?”

సెట్టు ఆపరేటర్ అన్నాడు, “బండి పసుపు వాసన మరిగింది సార్.”

“నువ్వు సెట్టు వాసన మరిగినవ్. నోరు మూసుకో.”

కానిస్టేబుల్‌కు పట్టుదల పెరిగింది. ఈ బండికి ఇంజను పక్కనే ఫ్యాను ఉంటుంది. దాని మీదా ఇంజను మీదా లోపల ఒక రేకు తొడుగు. ఆ రేకు అడ్డం ఉండి గాలి ఆడటం లేదని తీర్మానించాడు. విప్పి మిల్లులో ఒక మూలన పడేశాడు. ఆ వారం చడావు సగంలోనే బండి చచ్చిపోయింది. చేను దాకా నెట్టుకుంటూ పోయాం. ఇద్దరం చెమటతో తడిసిపోయాం. బండి చల్లారాక దిగువన ఇంజను ఆర్పి, ఆగుతూ ఆగుతూ కోరుట్ల చేరాం.

కోరుట్లలో బస్టాండు వెనక స్కూటర్ మేస్త్రీ. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. చీరల మూట దించమన్నాడు. కానిస్టేబుల్ దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పట్టుకున్నాడు. ఉస్తాద్ పైమూత తీసి లోపలికి చూసి నవ్వాడు.

“రేకు ఏడ బోయింది భాయ్?”

“నేనే తీసిన. గాలి ఆడాలెనని.”

“గా రేకే గద గాలిని ఇంజను మీదికి మలిపేది! తీస్తే ఫ్యాను ఊరికి విసురుతది, ఇంజనుకు విసరదు.”

తర్వాత ఫ్యాను రెక్కల మధ్య వేలు పెట్టి లాగాడు. తెల్లటి నూగు, మందంగా, చాపలా ఊడి వచ్చింది. దానిలో రంగు రంగుల దారాలు. చీరల అంచులవి. ఇంకా లాగితే ఇంకా వచ్చింది.

“గిది బండా, పరుపా?”

అప్పుడు తెలిసింది. తపంచా చేతికి అందాలని మూట కుడి వైపు కట్టాం. ఫ్యాను గాలి పీల్చేది కుడి వైపు నుంచే. మూట గాలిని మూసేసింది. దానికి తోడు గుడ్డల నూగంతా లోపలికి పోయింది. దారాలు చుట్టుకుని రెండు రెక్కలు విరిగాయి. మేం వేసుకున్న వేషమే బండికి ఊపిరాడకుండా చేసింది. నేను పుట్టి పెరిగింది ఆ నూగులోనే. మా ఇంట్లో అన్నంలోనూ పడేది. అయినా నాకు తట్టలేదు.

ఉస్తాద్ జగిత్యాల నుంచి కొత్త ఫ్యాను తెప్పించి బిగించాడు. అతని దుకాణంలో ఉన్న పాత రేకు తొడుగు ఒకటి వేయించాం. మూట ఎడమ వైపుకు మార్చాం. ట్రయలు కోసం కోరుట్ల బజారంతా తిరిగి వచ్చి కానిస్టేబుల్ పెళ్లికొడుకులా నవ్వాడు.

తర్వాతి వారం ఎండ ముదిరింది. చడావు ఎక్కాం. బండి మూలగలేదు. వాసన లేదు. పసుపు చేను దగ్గరికి వస్తోంది. “అక్కా, ఇయ్యాల అవ్వకు టాటా చెప్పి పోదాం,” అన్నాడు కానిస్టేబుల్. హారన్ మోగించాడు కూడా.

అవ్వ గోనెసంచి మీద ఎండిన కొమ్ములు రుద్దుతోంది. మేం ఆగబోవడం లేదని తెలిసి లేచింది. అంత వయసు మనిషి అంత పరుగు తీయడం నేను చూడలేదు. వచ్చి రోడ్డు మధ్యలో నిలబడింది. ముందు చక్రం ఆమె చీరను తాకి ఆగింది.

“ఆగకుంట పోతున్నరేందిరా?”

“బండి బాగైందవ్వా.”

“బాగైతే ఇంటికి పోండ్రి.” రొప్పుతోంది. దిగువన కల్వర్టు వైపు గడ్డం విసిరింది. “ఇయ్యాల గా మోరి దాటకుండ్రి.”

“ఎందుకవ్వా?” అన్నాను.

“అడగకు. నీ పిల్లల మీద ఒట్టు, అడగకు.”

వెనక్కి తిరిగి అడవి వైపు చూసింది. ఎవరూ లేరు. గోనెసంచి దగ్గరికి నడిచిపోయి, ఏమీ జరగనట్టు మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.

కానిస్టేబుల్ బండి తిప్పాడు. సగం దూరం వచ్చాక అన్నాడు. “అవ్వ సంగతి క్యాంపుల చెప్పద్దక్కా. ఇటోళ్లకు తెలిసినా అటోళ్లకు తెలిసినా ఆమెను బతకనియ్యరు.”

సరేనన్నాను. హెడ్డు సార్‌కు అతను చెప్పింది ఇంతే. “మోరి పక్కన మట్టి కొత్తగ తవ్వినట్టుంది సార్. అనుమానమొచ్చి మళ్లొచ్చినం.”

సార్ సెట్టు అందుకున్నాడు. సాయంత్రానికి కోరుట్ల నుంచి పోలీసు పార్టీ చేల గట్ల మీదుగా నడిచి వచ్చింది. మందుపాతర బయటికి తీశారు. తీసిన సంగతి బయటికి పొక్కకుండా అక్కడే పొదల్లో కాపు కాశారు. తెల్లారుతుండగా దూరంగా కాల్పులు. మిల్లులో అందరం సెట్టు చుట్టూ నిలబడ్డాం.

“మనోళ్లంత మంచిగున్నరు. అవుతలోడు ఒకడు పడ్డడు. మిగిలినోళ్లు ఉరికిండ్రు. ఓవర్.”

సెట్టు ఆపరేటర్ మైకు బల్ల మీద పెట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను టీ పెట్టాను.

మర్నాడు నన్ను జగిత్యాలకు పంపారు. ఆసుపత్రిలో శవాల గది ముందు డ్యూటీ. శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చే ఆడవాళ్లను సోదా చేసి లోపలికి పంపాలి. ఆ రోజు వేషం లేదు. ఖాకీ చీర. నొసలు కడుక్కున్నాను. చేతులు బోసిగా ఉన్నాయి.

చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత ఇద్దరు ఊరివాళ్ల మధ్య అవ్వ నడిచి వచ్చింది.

నా ముందు నిలబడింది. చేతులెత్తమని నేను అనలేదు. ఆమే ఎత్తింది. మోచేతుల దాకా పసుపు. కడుక్కోకుండా పనిలోంచి వచ్చేసింది. నడుము తడిమాను. చీర మడతలు తడిమాను. ఏముంటుంది? ఏమీ లేదు. నా చేతులకు పసుపు అంటింది.

తల ఎత్తితే నన్నే చూస్తోంది. ఖాకీని కాదు. నా నొసటిని, తర్వాత నా మణికట్లను.

“పిలగాడు గూడ పోయిండా బిడ్డా?” అంది గుసగుసగా. “ఎప్పుడు? నేను ఆపిన గద.”

కానిస్టేబుల్ బతికే ఉన్నాడు, గేటు బయట స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. నా మనిషి మాత్రం పోయాడు. అవునన్నట్టు తల ఊపాను.

ఒక చెయ్యి దించి నా చెంప మీద పెట్టింది. “పిల్లలను మంచిగ జూసుకో,” అంది. లోపలికి పోయింది. ఏడుపు వినబడుతుందని తలుపు దగ్గర ఎదురుచూశాను. వినబడలేదు.

వానలు పడ్డాక నన్ను సిరిసిల్లకు మార్చారు. బస్సు దిగి తంగళ్ళపల్లికి నడిచాను. మా వీధిలో సాంచాల, అంటే మరమగ్గాల మోత. పిల్లలు ముందు నన్ను గుర్తుపట్టలేదు, తర్వాత పెట్టె లాక్కున్నారు. అనుకున్నట్టే ప్రాణంతో వచ్చాను. బండి కానిస్టేబుల్ ఎక్కడికి బదిలీ అయ్యాడో తెలియదు. పసుపు చేను వైపు నేను మళ్లీ పోలేదు.

మొన్న మనవరాలికి లంగా జాకెట్టు కుట్టించడానికి సిరిసిల్ల బజారుకు పోయాం. దర్జీ టేపు పట్టుకుని దగ్గరికి వచ్చింది. ఇంకా ఏం అనకముందే పిల్ల రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. కొలతలు అయ్యేదాకా నేను బయటికి వచ్చి రోడ్డు వైపు తిరిగి నిలుచున్నాను.