వదినా నేనూ ఢిల్లీ మైకూ

"సబ్బెట్టినావేటే?"

"సముద్రం మీద నీకు సబ్బెందుకు మావా, ఎవులు సూత్తారు?"

"సేపలు సూత్తాయే."

మా ఆయనా నేనూ ఆఖరిసారి అనుకున్న మాటలు ఇవే. ఫిషింగ్ హార్బర్‌లో ఇంకా తెల్లారలేదు. బోటులోకి ఐసు దించుతున్న చప్పుడులో ఆయన ఆ మాట గట్టిగా అరవాల్సి వచ్చింది, పక్క బోటు వాళ్ళు కూడా విని నవ్వారు. ఆఖరి మాటంటే ఏదో గొప్పగా ఉంటుందనుకుంటారు లోకంలో. నాకు దక్కింది ఇది. (నేను చెబుతున్నాను, మా మేనకోడలు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. నేను అన్నది అన్నట్టు రాయవే అంటే, పుస్తకాల్లో అలా రాయరత్తా అని దిద్దుకుంటూ పోతోంది. దిద్దనీ.)

ఆ రోజుల్లో మా వాడలో ఎవరి గడప ముందు నిలబడి మగాడెక్కడ అని అడిగినా ఒకటే జవాబు, వేట మీదున్నాడని. మాకు చేపలు పట్టడమంటే వేటే. మనిషి నిజంగా బోటెక్కి పోయినా, జెట్టీ మీద వల బాగుచేసుకుంటున్నా, సారా కొట్టు వెనకాల పడి నిద్రపోతున్నా, ఆడవాళ్ళం అదే చెప్పేవాళ్ళం. లేడు అనకూడదు, ఎప్పుడొస్తాడో తెలీదు అనకూడదు. కాపురానికొచ్చిన కొత్తలోనే నాకిది నేర్పింది మా వదిన, అంటే మా ఆయన అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. తన పెనిమిటి పోయాక మా ఇంట్లోనే ఉండేది. హార్బర్ వేలంపాటలో ఆవిడ పాట పెంచుతోందంటే మగవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. వేలంలో కొన్న చేపలు తట్టల్లో పెట్టుకుని ఇద్దరం మద్దిలపాలెం సందులన్నీ తిరిగి అమ్మేవాళ్ళం. నా గొంతు ఇలా రంపంలా తయారైంది ఆ సందుల్లోనే.

సబ్బు అడిగి వెళ్ళిన ఆ వేటలోనే గాలి లేచి బోటు తిరగబడింది. తోటివాళ్ళని వేరే బోటు వాళ్ళు లాగి ఎక్కించుకున్నారు. మా ఆయన దొరకలేదు. ఒంటి మీది గుడ్డ ముక్క కూడా దొరకలేదు. నేనప్పటికి ఇరవైల్లో ఉన్నాను. శవం లేకపోతే మనిషి పోయినట్టు కాదని, ఏడేళ్ళు ఆగాలని చెప్పారు ఆఫీసులో. పింఛనుకి వెళ్తే ఆయన పోయినట్టు కాగితం తెమ్మనేవారు. రేషను కార్డు మార్చమంటే, కార్డు ఆయన పేరున ఉంది కాబట్టి ఆయన్ని తెమ్మనేవారు. రెండూ ఒకే మేడలో. కింద గదిలో మనిషి పోయాడంటే ఒప్పుకోరు, పై గదిలో మనిషిని పట్టుకురమ్మంటారు. ఆ మెట్లెక్కి దిగుతుంటే ఒక్కోసారి నాకే నవ్వొచ్చేది. తేగలిగితే వీళ్ళ దగ్గరికి ఎందుకు తెస్తాను, తలుపేసుకుని ఇంట్లో కూర్చోబెట్టుకోనా.

ఆఫీసు సంగతి అలా ఉంచితే ఇంట్లో మా వదిన ఉంది. తమ్ముడు కొట్టుకుపోయి పై దేశం ఒడ్డున తేలాడని, అక్కడి జైల్లో ఉన్నాడని ఆవిడ నమ్మకం. (అలా తేలి, తిరిగొచ్చినవాళ్ళు మా వైపు ఉన్నారు. ఆవిడది మరీ పిచ్చిమాటేం కాదు.) ఆయన చొక్కాలు ఉతికి ఆరేసేది. గడ్డితో బొమ్మ చేసి కాల్చి కర్మ జరిపించొచ్చని కులపెద్దలు చెప్పడానికొస్తే, "బతికున్నోడికి పిండం ఎడతార్రా?" అని చేపలు కోసే కత్తిపీట పట్టుకుని లేచింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. నా చేతి గాజులు నా చేతికే ఉన్నాయి, బొట్టు బొట్టులాగే ఉంది. ఏడవడానికి కూడా లేదు. కంట్లో నీళ్ళు కనబడితే, "ఏటే, నా తమ్ముడికి అపశకునం సేత్తన్నావా?" అనేది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, నీళ్ళు కారుతుంటే అవి ఐసు నీళ్ళని నమ్మించి, సందుల్లో ఏడ్చేదాన్ని. నాకు పింఛను కంటే ముందు కావలసింది అదే. నా ఇంట్లో కూర్చుని మా ఆయన కోసం ఏడవనివ్వడం.

అలాంటప్పుడు ఒక అమ్మాయి హార్బర్‌కి వచ్చింది. తగరపువలస పిల్ల. ఎక్కడో పెద్ద యూనివర్సిటీలో, ప్రభుత్వాలు చట్టాలెలా చెయ్యాలో నేర్పే స్కూల్లో చదువుతోందట. ఆ స్కూలు వాళ్ళకి ఢిల్లీలో ఒక మేడ ఉందని, చట్టం రాసేవాళ్ళనీ అది తగిలేవాళ్ళనీ అక్కడ ఒక గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారని చెప్పింది. నువ్వొచ్చి ఈ ఏడేళ్ళ గోల చెప్పక్కా, రైలు టిక్కెట్టు వాళ్ళే కొంటారు అంది. నేను సరే అన్నాను. మా వదిన గుమ్మంలోంచి విని, "నానూ వత్తాను," అంది. ఆవిడ ఎందుకొస్తోందో నాకు తెలుసు. ఢిల్లీ వాళ్ళని పట్టుకుని పై దేశం జైళ్ళు వెతికించడానికి. అలా ఒకే రైల్లో, ఎదురెదురు బెర్తుల మీద, మా ఆయన లేడని చెప్పడానికి నేనూ, ఉన్నాడని చెప్పడానికి ఆవిడా బయల్దేరాం.

జైలు తాళాలున్న పెద్దాయనకి ఇవ్వడానికి ఆవిడ సంచీడు ఎండుచేపలు, నెత్తళ్ళు, తెచ్చింది. రైల్లో మా పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వేరే చోటు చూసుకున్నారు. ఆవిడ మాత్రం, "మనోళ్ళు కాపోయినా మంచోళ్ళే, కాళ్ళు సాపుకోమని సోటిచ్చేరు," అంది. ఢిల్లీలో చలంటే చలి కాదు. మాకిచ్చిన గదిలో వేడిగాలి ఊదే పెట్టె ఒకటుంది. చలికి నెత్తళ్ళు మెత్తబడ్డాయని వదిన వాటిని ఆ పెట్టె ముందు పరిచింది. మేం టిఫిన్‌కి కిందికి దిగి వచ్చేసరికి ఆ అంతస్తు అంతా మా హార్బరే. మురిక్కాలువ పగిలిందని ప్లంబరుని పిలిపించారు. అతను ప్రతి గదీ వాసన చూసుకుంటూ మా గుమ్మందాకా వచ్చి, మమ్మల్నీ నెత్తళ్ళనీ చూసి, పనిముట్ల సంచీ భుజానేసుకుని వెళ్ళిపోయాడు. తగరపువలస పిల్ల అతనికి ఏం చెప్పుకుందో పాపం.

నేను ఏం చెప్పాలో ఆ పిల్లే నేర్పింది. పేరు, ఊరు, బోటు తిరగబడటం, ఆఫీసు మెట్లు, ఆఖర్న ఒక్క మాట: ఏడేళ్ళు ఆగమనకుండా కాగితం ఇప్పించండి. మాట ఎక్కువైతే గంట కొడతారట. గదిలో తిరగని ఫ్యాను కింద నిలబడి ఎన్నిసార్లు అప్పజెప్పానో. నేను "మా ఆయన పోయాడు" అన్న ప్రతిసారీ వదిన మంచం మీదనుంచి గట్టిగా దగ్గేది.

మైకు ముందుకెళ్ళాక నేను అనుకున్నంత భయపడలేదు. చేపలమ్ముకునేదాన్ని, నాకు అరవడం కొత్తా. (మొదటి మాటకే మైకు కీచుమంది. దూరంగా జరగమన్నారు, జరిగాను, ఇంకా జరగమన్నారు. చివరికి మైకు ఒక చోట, నేనొక చోట.) ఆఫీసు మెట్ల కథ చెబితే అందరూ నవ్వారు, మళ్ళీ నవ్వినందుకు సిగ్గుపడ్డారు. చెప్పాల్సిందంతా చెప్పేశాను. సరిగ్గా అప్పుడొచ్చాడు ఆ రోజు సభకి పిలిచిన పెద్దమనిషి, ఏదో శాఖలో పెద్ద అధికారి. ఆలస్యంగా వచ్చాడు, నా మాటలేవీ వినలేదు. మంచివాడే. కూర్చుంటూ నన్ను చూసి, మర్యాదకి, మీ ఆయన ఎక్కడున్నారమ్మా అని అడిగాడు. తగరపువలస పిల్ల తెలుగులో చెప్పింది.

నా నోరు నన్నడగలేదు.

"ఏట మీదున్నాడు బాబూ," అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. ఏం చెయ్యాలో తోచక, ఉన్నదున్నట్టే వాళ్ళ భాషలోకి చెప్పింది. పెద్దాయన హాయిగా తలూపి, మంచిది, ఎప్పుడొస్తారు అన్నాడు. హాలంతా నన్నే చూస్తోంది. అంతదాకా మొగుడు పోయాడని చెప్పినది ఇదేనా అన్నట్టు చూస్తోంది. ఫ్యాను కింద నేర్చుకున్నది ఒక్క ముక్క రాలేదు. నాకు ఎప్పుడూ నేర్పని ప్రశ్న అది. మా వాడలో ఎవరూ అడగని ప్రశ్న.

అప్పుడు వెనక వరసలోంచి మా వదిన లేచింది. రెండు స్వెట్టర్లు, అందులో ఒకటి తిరగేసి తొడుక్కుంది. ఆవిడకి మైకు ఎందుకు.

"రాడు బాబూ. ఆడు నా తమ్ముడు. ములిగిపోనాడు. ఈ గుంట సెప్పలేకపోతంది, నాను సెప్తన్నాను. రాసుకోండి."

కూర్చుంది. తగరపువలస పిల్ల ఆ మాటలు ఒక్కొక్కటే వాళ్ళ భాషలోకి చెప్పింది. పెద్దాయన ముందున్న నీళ్ళగ్లాసు అటూ ఇటూ జరిపాడు. ఎవరూ గంట కొట్టలేదు.

బయట పచ్చిక మీద టీలు ఇచ్చారు. వదిన నా పక్కనే కూర్చుని చాలాసేపు ఊదుకుంటూ తాగింది. తర్వాత మొదలెట్టింది తిట్టడం.

"అన్నేసి సార్లు అప్పసెప్పినావు. ఆకరికి అదా నువ్వు సెప్పీది? ఢిల్లీ వోళ్ళు ఏటనుకుంటారే?"

"నువ్వేటొదినా, జైళ్ళు ఎతికించడానికొచ్చి రాడన్నావు."

"ఎవులో ఒకులు అనాల కదే."

నాకు నవ్వొచ్చింది. ఎలా వచ్చిందో తెలీదు, టీ ముక్కులోకి పోయేంత నవ్వు. ఆవిడకీ వచ్చింది. ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని ఊగిపోతుంటే స్కూలు పిల్లలు దూరంగా నిలబడి చూశారు. కాసేపటికి ఆవిడ నా తల తన ఒళ్ళోకి లాక్కుని, "ఏడు. ఏడీవే. ఇంక నానేటీ అనను," అంది. అప్పుడు ఏడ్చాను, ఆవిడా ఏడ్చింది. అంత పచ్చిక మీద, అంతమంది పరాయివాళ్ళ మధ్య, వేలంపాట గొంతుతో ఏడ్చాను. ఇంటికెళ్ళి ఏడుద్దామని కూడా ఆగలేదు.

ఊరొచ్చాక పెద్దల్ని వదినే పిలిపించింది. గడ్డి బొమ్మకి ఆయన చొక్కా తనే తొడిగింది. ఆ స్కూలు వాళ్ళు మా మాటలన్నీ అచ్చువేయించారని తగరపువలస పిల్ల తర్వాత చెప్పింది. పెద్దాయన ఏమైనా చేశాడో లేదో నాకు తెలీదు. నా కాగితం మాత్రం ఏడేళ్ళూ నిండాకే వచ్చింది, ఏమాత్రం ముందు రాలేదు. అది తెచ్చుకున్న రోజు ఇద్దరం చేపలు అమ్మకుండా ఇంట్లోనే ఉండిపోయాం, అంతే.

ఇప్పుడు అనుకుంటే ఆ మైకు ముందున్న పిల్ల మీద, అంటే అప్పటి నా మీద, నాకు కోపం రాదు. చేతినిండా గాజులేసుకుని, అరువు స్వెట్టరు తొడుక్కుని, లేని మొగుణ్ణి ఢిల్లీ వాళ్ళ ముందు ఇంకో కాసేపు వేట మీద ఉంచింది. ఉంచనీ. దాని దగ్గర ఇంకేముంది.

వదినకి ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. గుమ్మంలో కూర్చుని మేమేం చేస్తున్నామా అని చూస్తోంది. పచ్చిక మీద ముందు ఏడ్చింది నేనని ఈవిడ, ఈవిడని నేను, ఇప్పటికీ తేలలేదు. ఒలే మేనకోడలా, రాసింది చాలు. ఇలా గుమ్మం దగ్గరికొచ్చి, ఆవిడకి కూడా వినబడేలాగ గట్టిగా, ఒకసారి చదివి వినిపించు.