ఆయుధపూజ నాడు తుడిచిన అద్దం

1935 జూన్‌లో నన్ను తాడేపల్లిగూడెం సబ్‌డివిజన్ నుంచి ఏలూరు డివిజన్ ఆఫీసుకు ఇన్‌స్ట్రుమెంట్ స్టోర్‌కీపరుగా వేశారు. కాలవలు, గట్లు, కొల్లేటి నీటిమట్టం కొలిచే ప్రతి పనిముట్టూ నా సంతకంతో బయటికి వెళ్ళి, నా సంతకంతో లోపలికి రావాలి. ఆ ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకే నేను చేసిన ఒక పని గురించి రాస్తున్నాను. నా సర్వీసు రిజిస్టరులో దాని గురించి ఒక్క అక్షరం లేదు. అందుకని ఇక్కడ రాయవలసి వచ్చింది.

చేరిన మొదటిరోజే స్టోర్ అంతా బూజు దులపమని ఆర్డరు వేశాను. నాకు శుభ్రత పిచ్చి. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, నేను కడిగిన చెంబు మళ్ళీ కడిగితే గానీ నీళ్ళు తాగే మనిషిని కాను. అటెండరు చీపురు ఎత్తేసరికి ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు.

"ఆ ఉత్తరం మూల మాత్రం వదిలెయ్యండి పంతులుగారూ. అది మన స్టాకండీ" అన్నాడు.

ఆయన ఖాసిం సాయిబు, మా డివిజన్ ఫిట్టరు మేస్త్రి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, హోదాలో నాకు కింద. ఆయన చెప్పింది నిజమే. డంపీ లెవెల్ అనే పనిముట్టులో ముక్కాలి పీట మీద ఒక చిన్న దుర్భిణి ఉంటుంది, దాంతో ఎత్తుపల్లాలు చూస్తారు. థియోడొలైట్‌తో కోణాలు కొలుస్తారు. రెండింటి లోపలా చూపు నిలపడానికి అడ్డంగా, నిలువుగా సన్నటి గీతలు ఉంటాయి. అవి సాలెపురుగు దారాలు. తేమకు సాగుతాయి, బండి కుదుపుకు తెగుతాయి. తెగినప్పుడు కొత్త దారం ఎక్కించగల చెయ్యి డివిజన్ మొత్తానికీ సాయిబుదొక్కటే. ఆ మూల వదిలేశాను గానీ, చూసినప్పుడల్లా నాకు చెయ్యి దురద పెట్టేది.

ఆయనకు ఆకాశం పిచ్చి. పదేళ్ళ కిందట ఒక దొర కొల్లేటి గట్టు మీద క్యాంపు వేసినప్పుడు సొంత దుర్భిణి తెచ్చుకున్నాడట. మోసింది సాయిబు, బిగించింది సాయిబు, దీపం పట్టుకుని నిలబడింది సాయిబు. చూసింది మాత్రం దొర, దొరసాని. శనిగ్రహం చుట్టూ ఉంగరం ఉందని వాళ్ళు సంబరపడుతుంటే విన్నాడు. నన్నూ ఒకసారి చూడనివ్వండని అడగడానికి నోరు రాలేదట. అడక్కపోయినందుకు ఏడేళ్ళు బాధపడి, చివరికి తన దుర్భిణి తనే చేసుకోవాలని కూర్చున్నాడు.

గాజు కటకాలతో పెద్ద దుర్భిణి చెయ్యడం మనబోటివాళ్ళ వల్ల కాదు. అద్దంతో చెయ్యవచ్చు. కాకినాడ రేవులో పాత ఓడల కిటికీలకు ఉండే మందపాటి గుండ్రటి గాజుబిళ్ళలు రెండు సంపాదించాడు. వాటిని ఒక పీపా మీద ఒకదానిపై ఒకటి పెట్టి, మధ్య గరుకు పొడి, నీళ్ళు వేసి, పీపా చుట్టూ తిరుగుతూ నూరాలి. పైబిళ్ళ కొంచెం కొంచెంగా గుంట పడుతుంది. తరవాత ఇంకా మెత్తటి పొడులు. ఆఖరున తారులాంటి కీలు పోసిన దిమ్మ మీద ఎర్రటి పొడితో మెరుగు. గుంట సరిగా కుదిరిందో లేదో చూడటానికి సూదిమొనంత కంత పెట్టిన రేకు కప్పిన దీపం, మంగలికత్తి అంచు చాలు. అంచు పక్కనుంచి చూస్తే అద్దం మీద నీడలు కనిపిస్తాయి. ఆ నీడ చదవగలిగే కన్ను కావాలి, అంతే. నేను చేరేనాటికి మూడేళ్ళ నుంచి ఆ అద్దం తయారవుతోంది. కంటి దగ్గర పెట్టుకునే కటకం, మా తాడేపల్లిగూడెంలో పనికిరాదని వేలం వేసిన లెవెల్‌లోది. గొట్టం బదులు పొలాలకు నీళ్ళు పెట్టే తాటిదోనె. దోనెకు ఒక చివర అద్దం, రెండో చివర కటకం. కొనాలంటే జమీందారులకే చెల్లే వస్తువును ఆయన చెత్తకుప్పలోంచి ఏరి తెచ్చాడు.

"ఊరంతా శని వదలాలని నూనె పోస్తుంటే, మీరు పిలిచి కూర్చోబెట్టుకుంటున్నారేవండీ సాయిబుగారూ" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అసలు సంగతి శ్రావణంలో తెలిసింది. ఒక థియోడొలైట్‌కు దారం ఎక్కిస్తూ మూడుసార్లు తప్పాడు. అంతకుముందు ఎప్పుడూ తప్పలేదు. అడిగితే చెప్పాడు. కళ్ళకు నీటికాసులు. కుడికన్ను రెండేళ్ళ కిందటే పోయింది. ఎడమకన్ను చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోంది. మందు లేదని, మహా అయితే ఒకటి రెండేళ్ళని డాక్టరు చెప్పాడు. ఆఫీసులో తెలిస్తే ఇంటికి పంపిస్తారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నాకు ఎందుకు చెప్పాడంటే, నేను ఆయనకు ఇంగ్లీషు చదివిపెట్టేవాణ్ణి. స్టోర్‌లో గ్రహాల పంచాంగం ఒకటి ఉండేది, సూర్యుణ్ణి, నక్షత్రాలను చూసి దిక్కు కట్టడానికి. మద్రాసు నుంచి వచ్చే ఒక మాసపత్రిక కూడా ఆయన తెప్పించుకునేవాడు. అందులో ఉన్నది నేనే చదివి చెప్పాను: శని ఉంగరం ఏటేటా సన్నబడుతోంది, వచ్చే ఏడు దాని అంచు సరిగ్గా మనవైపు తిరుగుతుంది, అప్పుడు నెలల తరబడి కనపడదు, మళ్ళీ బాగా విప్పారేసరికి రెండు మూడేళ్ళు.

సాయిబు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "అయితే ఈ దసరా, దీపావళి లోపలేనండీ" అన్నాడు.

ఇంత తెలిసినవాణ్ణి నేను. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేకుండా, చదివి చెప్పినవాణ్ణి నేనే.

దసరాకు రెండురోజుల ముందు అద్దానికి వెండిపూత పెట్టాడు. ఆసుపత్రి కాంపౌండరు ఇచ్చిన, ఆవిరి పట్టి తీసిన బట్టీ నీళ్ళలో వెండి మందు, అమోనియా, పంచదార పాకం కలిపి అద్దం మీద పోస్తే వెండి తనంతట తనే పేరుకుంటుంది. ఇంట్లో పిల్లలు ఎక్కువని అద్దాన్ని దూదిలో చుట్టి తెచ్చి స్టోర్ బీరువాలో పెట్టాడు. పూత ఆరాలి, రెండురోజులయ్యాక మెత్తటి తోలుతో మెరుగు పెడతానన్నాడు. "ఎవరినీ ముట్టనివ్వకండి పంతులుగారూ" అని చెప్పి వెళ్ళాడు. ముట్టనివ్వనన్నాను.

మహర్నవమినాడు ఆఫీసుకు సెలవు. ఆయుధపూజకు నేను ఒక్కణ్ణే వచ్చాను. మా శాఖలో అది ఆనవాయితీ. లెవెళ్ళు, థియోడొలైట్లు, గొలుసులు, టేపులు అన్నీ తీసి, ఇత్తడి భాగాలను చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమి, వరసగా పేర్చి పసుపు కుంకుమ పెట్టాలి. అన్నీ అయ్యాక బీరువాలో సాయిబు అద్దం గుర్తొచ్చింది. డివిజన్‌లో ఇంత కష్టపడి చేసిన పనిముట్టు ఇంకోటి లేదు, దానికి ఈరోజు పూజ లేకపోవడమేమిటనిపించింది. ముట్టద్దన్న మాట గుర్తు లేక కాదు. అది అటెండర్ల గురించి, నా గురించి కాదు అనుకున్నాను. స్టోర్‌లో "ముట్టరాదు" అని బోర్డు రాయించేవాడు ఆ బోర్డు తనకు కాదనే అనుకుంటాడు.

దూది విప్పితే అద్దం మీద పొగ పట్టినట్టు తెల్లటి మసక. కొత్త వెండిపూత అలాగే ఉంటుంది, తోలుతో రుద్దితే పోతుంది. అది నాకు తెలియదు. కొల్లేటి తేమకు కిలుం పట్టిందనుకున్నాను. ఇంకో ముక్క కూడా నాకు తెలియదు. ముఖం చూసుకునే అద్దానికి వెండి వెనక ఉంటుంది, ముందు గాజు ఎంత రుద్దినా ఏమీ కాదు. దుర్భిణి అద్దానికి వెండి ముందే ఉంటుంది. చింతపండు రాసి, ఇటుకపొడి వేసి, నా అలవాటు ప్రకారం గట్టిగా తోమాను. గుడ్డకు బూడిదరంగు మురికి అంటుకుంది. ఎంత మురికి పట్టిందో అనుకుని ఇంకా తోమాను. ఆఖరికి గాజులోంచి నా అరచెయ్యి కనిపించింది. తృప్తిగా కడిగి, తుడిచి, నడిమధ్యన పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి, థియోడొలైట్ పక్కన కూర్చోబెట్టి దండం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తోలుముక్క జేబులో పెట్టుకుని సాయిబు వచ్చాడు. అద్దాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఏటవాలుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. వెండి పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. ఇటుకపొడి గీతలు గాజులోకి దిగాయి. మెరుగు మొదటినుంచీ పెట్టాలి, మెరుగు పెడితే గుంట మారుతుంది, గుంట మారితే ఆ నీడలు మళ్ళీ చదవాలి. ఇవన్నీ తరవాత తెలిశాయి. అప్పుడు నేను అడిగింది, "బాగా వచ్చింది కదండీ?" అని.

ఆయన నావైపు తిరిగాడు. "దేవుడి దగ్గర పెట్టారు కదండీ. తప్పేవుందండీ" అన్నాడు. తోలుముక్క జేబులోనే ఉంచుకుని అద్దాన్ని దూదిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. వెనకాలే వెళ్ళి ఆయన ఇంట్లోనే విషయమంతా తెలుసుకున్నాను. తలుపు దగ్గర నిలబడి క్షమించమని అడిగితే, ఆయన మంచినీళ్ళు తెప్పించి ఇచ్చాడు.

ఆఫీసులో ఏమీ జరగలేదు. అద్దం స్టాకు రిజిస్టరులో లేదు. రిజిస్టరులో లేని వస్తువు చెడిపోతే చెడిపోయినట్టు కాదు. ఆ ఏడాది నా స్టోర్ చాలా శుభ్రంగా ఉందని ఇన్‌స్పెక్షన్ నోట్‌లో రాశారు కూడా. ఆ కాగితం చించేద్దామనుకున్నాను. ప్రమోషన్‌కు పనికొస్తుందని చించలేదు.

సాయిబు మళ్ళీ మొదలుపెట్టాడు. ఇదివరకు ఒక్కపూటలో చదివిన నీడకు వారం పట్టేది. మాఘమాసానికి శని సూర్యుడి చాటుకు పోయాడు. వేసవిలో కొత్త వెండి వచ్చింది, ఆ తరవాత వానలు. 1936 దసరాకు ఆకాశం తెరిపి ఇచ్చింది. తమ్మిలేటి ఒడ్డున ఆయన పెరట్లో దోనె నిలబెట్టాం. ఎడమకన్ను ఆనించి, ఉన్న కాస్త చూపులోకి శనిని తెచ్చుకుని చూశాడు. అద్దం బాగా కుదిరింది. అందులో తప్పేమీ లేదు. లేనిది ఉంగరమే.

"బాగా గుండ్రంగా ఉందండీ" అన్నాడు.

మరుసటి ఏడు కన్ను పూర్తిగా పోయింది. వైద్యపరంగా అనర్హుడని రాసి పంపించారు. ఆయన కైకలూరులో కూతురి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన ఊరు వదిలి వెళ్ళాక ఆ ఉత్తరం మూల బూజుతో పని లేకపోయింది. అయినా నేను దాన్ని దులపనివ్వలేదు.

1938లో దసరా వెళ్ళిన తరవాత సాయిబు దగ్గర్నుంచి కబురు వచ్చింది, ఉంగరం మళ్ళీ విప్పారి ఉంటుంది, ఒకసారి రమ్మని. వెళ్ళాను. దీపాలు పెట్టిన గంటకు కొల్లేటి గట్టు మీద దోనె పెట్టాం. ఆయన చెప్పినట్టల్లా నేను తిప్పాను. కనిపించింది. శని, చుట్టూ ఉంగరం, స్పష్టంగా. జన్మలో మొదటిసారి చూశాను. ఆయన కోసం తయారైన చూపు నా కంటికి దక్కింది.

"కనపడిందాండీ?"

"కనపడింది సాయిబుగారూ. ఉంగరం ఉంది."

"గోళానికీ ఉంగరానికీ మధ్య నల్లగా సందు ఉంటుందండీ. రెండు పక్కలా సమానంగా ఉందా, ఒక పక్క ఎక్కువుందా?"

నేను అది చూడలేదు. చూద్దామనేసరికి గ్రహం చూపులోంచి జారిపోయింది. దోనె కదిపితే అసలే పోయింది. సరిగా చూళ్ళేదని చెప్పాను.

ఆయన నెమ్మదిగా అన్నాడు: "ఆ రోజు అద్దం తుడిచినంత శ్రద్ధగా చూడండి పంతులుగారూ."

మూడేళ్ళలో ఆయన నన్ను అన్న మాట అదొక్కటే. మళ్ళీ శనిని పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఆయన అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాను. సందు రెండు పక్కలా సమానమేనని, ఉంగరం ఎంత వెడల్పుందో, ఏ రంగుగా ఉందో. అన్నీ విని సరేనన్నాడు. మంచు పడుతోంది, సర్దేద్దామన్నాడు. నేను అద్దం విప్పడానికి దోనె అడుగుకు వంగాను.

"అద్దం నేనే తీస్తానండీ. మీరు ముట్టకండి" అన్నాడు. ఈసారి అది ఎవరి గురించో నాకు అర్థమైంది. ఆయన తడుముకుంటూ మరలు విప్పి, అద్దాన్ని అంచులు పట్టుకుని తీసి, దూదిలో చుట్టుకున్నాడు.

ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో తెలియనివాడికి దాన్ని శుభ్రం చేసే అధికారం లేదు. వాడు స్టోర్‌కీపరైనా లేదు, భక్తితో చేసినా లేదు. నేను రిటైరయినప్పుడు నా తరవాత వచ్చినాయనకు ఛార్జి లిస్టు ఆఖరున ఆ సంగతి రాసి ఇచ్చాను. ఆయన దాన్ని చదివి, రూలు నంబరు వెయ్యలేదేమని అడిగాడు.