పరీక్ష పెట్టిన ఇల్లు

గల్ఫ్‌లోని ఈ రూవిలో ఇన్ని ఎత్తైన భవనాలు లేని నా చిన్నప్పుడు, మేము అక్కడొక మూడంతస్తుల బిల్డింగులో ఉండేవాళ్ళం. మా పెద్దమ్మ కూడా మాతోనే ఉండేది. ఆసుపత్రిలో నర్సు కాబట్టి బిల్డింగులో అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవారు. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె పాదాలు వాచిపోయి ఉండేవి. గోరువెచ్చని ఉప్పునీళ్ళు బేసిన్‌లో తెచ్చిపెట్టడం నా పని. అందులో కాళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, కాసేపు ఆమెను ఎవరమూ పలకరించేవాళ్ళం కాదు.

అప్పట్లో మాలాంటి వాళ్ళ పిల్లలకు ఇక్కడ పన్నెండో తరగతితో చదువు ఆఖరు. ఆ పైన చదవాలంటే ఇండియా వెళ్ళాల్సిందే. ఉన్నవాళ్ళు పంపేవారు. లేనివాళ్ళ పిల్లలు ఏ షాపులోనో నిలబడేవారు, లేదా ఇంట్లో కూర్చునేవారు. అది చూడలేక బిల్డింగులోని తెలుగువాళ్ళంతా కలిసి ఒక నిధి పెట్టుకున్నారు. కింది రూమ్‌లో ఉండే తెలంగాణ మేస్త్రీలు కూడా, వాళ్ళ పిల్లలు ఊళ్ళో ఉన్నా సరే, జీతం రాగానే అందులో వేసేవారు. ఎంత పోగైనా ఏడాదికి ఒక్కరిని పంపడానికే సరిపోయేది. ఆ ఒక్కరు ఎవరన్నదే ఎప్పుడూ తగువు. నిధి పెద్దమ్మ చేతిలో ఉండేది కనుక ఆ తగువంతా ఆమె నెత్తినే పడేది.

ఆ ఏడు ఇద్దరు అడిగారు. ఒకరు మా పక్కింటి అక్క. వాళ్ళది కడప. నాన్న దర్జీ. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవారు గానీ మాతో చక్కటి తెలుగు మాట్లాడేవారు. రెండోవాడు పై అంతస్తు మేనేజరు గారి అబ్బాయి. ఆయన రుసైల్‌లో ఒక గోడౌన్ చూసేవారు. పేరుకు మేనేజరే గానీ, ఆ కంపెనీ కొన్నాళ్ళుగా జీతాలు సరిగా ఇవ్వడం లేదు. ఆయనకూ అవసరమే. అబ్బాయికి మార్కులు ఎక్కువ.

"మార్కులకు మన, తన లేదు కదండీ సిస్టరమ్మా. ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళకే ఇవ్వండి, గొడవ ఉండదు," అన్నారు మేనేజరు గారు శుక్రవారం మీటింగులో. చాలామంది తలలూపారు.

పెద్దమ్మ ముందు రోజు రాత్రి డ్యూటీ చేసి, నిద్ర లేకుండానే వచ్చి కూర్చుంది. "అలాగేనండి. ఇంకొక్క పరీక్ష పెడదాం. వీళ్ళ స్కూలు లెక్కల మాస్టారు పేపరు ఇస్తారు. చోటు మాత్రం నేను చెబుతాను," అంది. ఆమె చెప్పిన చోటు పక్కింటి వాళ్ళ హాలు.

మరుసటి శుక్రవారం పొద్దున ఆ హాల్లో రెండు సూట్‌కేసులు పడుకోబెట్టి, వాటిముందు ఇద్దరినీ కూర్చోబెట్టారు. పెద్దలంతా గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను పెద్దమ్మ కొంగు పట్టుకుని చూస్తున్నాను. ఒక మూల అక్క వాళ్ళమ్మ కుట్టుమిషను తొక్కుతోంది. పండగ దగ్గర పడింది, పని ఆపితే కుదరదు. జాకెట్ల కొలతలకు ఆడవాళ్ళు వచ్చి పోతున్నారు. కిటికీ ఏసీ గడగడమంటోంది గానీ చల్లగా లేదు. ఇంకో మూల మంచం మీద వాళ్ళ తాత. ఆయన దగ్గినప్పుడల్లా అక్క పెన్ను పక్కన పెట్టి, లేచి నీళ్ళు తాగించి, మూతి తుడిచి, మళ్ళీ వచ్చి రాసుకునేది. ఎవరి వైపూ చూడలేదు.

అబ్బాయి మొదట్లో గబగబా రాశాడు. తర్వాత ఆగాడు. రాసింది కొట్టేశాడు. చెవులు మూసుకుని చూశాడు. అంతలో అక్క వాళ్ళ చిన్న తమ్ముడు పాకుతూ వచ్చి ఆమె కాగితం పట్టి లాగాడు. అక్క ఒక చేత్తో వాణ్ణి ఆపుతూ రెండో చేత్తో రాస్తోంది. అబ్బాయి కాసేపు అదే చూశాడు. తర్వాత పెన్ను మూసి, లేచి, ఆ పిల్లాణ్ణి చంకనెత్తుకుని మా మధ్య నుంచి వరండాలోకి వెళ్ళిపోయాడు. పేపరు మళ్ళీ ముట్టుకోలేదు.

మేనేజరు గారు తల వంచుకుని చెప్పులు వేసుకున్నారు. కింది రూమ్ మేస్త్రీ ఒకాయన మెల్లగా, "గీ లొల్లిల నాకైతే నా పేరు సుత రాయరాదు," అన్నాడు. మళ్ళీ మీటింగు పెట్టాల్సిన పని లేకపోయింది.

ఇక్కడితో అయిపోతే ఇది పెద్దమ్మ గెలిచిన కథ అయ్యేది. ఆ సాయంత్రం ఆమె బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని ఉండగా అక్క వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరు న్యాయమే చేసినారు సిస్టరమ్మా. కాదనను. కానీ మా తాత మంచం కాడికి బిల్డింగంతా వచ్చి చూసిపోయినారు. మీరు మా నాయన్ను అడిగినారు, నన్ను అడగలేదు. ఒక్క మాట నన్నడిగింటే బాగుండు."

పెద్దమ్మ, "తప్పేనమ్మా. నిన్ను పంపాలన్న తొందరలో నిన్నే మరిచిపోయాను," అంది. అక్క తల ఊపి వెళ్ళిపోయింది. నీళ్ళు చల్లారిపోయినా పెద్దమ్మ కాళ్ళు తీయలేదు.

అక్క వెళ్ళి ఫార్మసీ చదివింది. తిరిగొచ్చి బురైమిలో ఒక మందుల షాపులో చేరింది. ఏటేటా నిధికి తన వంతు పంపేది గానీ, మా బిల్డింగు మెట్లు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. మేనేజరు గారి అబ్బాయికి ఒక ఏడాది పోయింది. ఆ ఏడాదంతా నాన్న గోడౌన్‌లోనే పెట్టెలు మోసి, తర్వాత కాలేజీలో చేరాడు. అతను మా మీద కోపంగా ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. ఉన్నా తప్పు పట్టలేం. ఒకరికి ఇస్తే ఇంకొకరికి లేని నిధి అది. పెద్దమ్మ కూడా న్యాయాన్ని రెండు ముక్కలు చేయలేకపోయింది.

నాకిప్పుడు అరవై దగ్గర పడుతోంది. పెద్దమ్మ లేదు, నిధి ఉంది. ఇక్కడ కాలేజీలు వచ్చాయి, వాటితోపాటే వాటి ఫీజులూ వచ్చాయి. అడిగే పిల్లలు ఎక్కువయ్యారు గానీ, ఇవ్వడానికి ఉన్నది మాత్రం ఎప్పుడూ చాలదు. ఇంకెవరైనా చూసుకోండి అని ప్రతి ఏడూ అంటాను. ఎవరూ ముందుకు రారు. మోకాళ్ళ నొప్పులతో, లిఫ్టు పనిచేయని బిల్డింగులు కూడా ఎక్కుతుంటాను. ముందు ఆ పిల్లనో పిల్లాణ్ణో అడుగుతాను, మీ ఇంటికి రావచ్చా అని. రమ్మంటేనే వెళ్తాను, అదీ ఒక్కదాన్నే. వాళ్ళు చదువుకునే వేళ ఒక పక్కన కూర్చుని, ఇచ్చిన టీ తాగి వస్తాను.

మీటింగులో నా అభిప్రాయం చెబుతాను. ఆ ఇంట్లో ఏం చూశారని అందరూ అడుగుతారు, కొందరు విసుక్కుంటారు కూడా. టీ బాగుందని చెబుతాను.